టీచరు యంత్రాన్ని ఎప్పుడు నమ్ముతారు?

రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి రేడియో పాఠంతోనే మొదలుపెడతాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక బడుల్లో పనిచేసినవారికి ‘విందాం నేర్చుకుందాం’ కార్యక్రమం గుర్తుండే ఉంటుంది. ఆకాశవాణి నిర్ణీత వేళకు పాఠాన్ని ప్రసారం చేసేది. పిల్లలు రేడియో చుట్టూ కూర్చునేవారు. పాట వచ్చేది, కథ వచ్చేది, మధ్యలో రేడియోలోని గొంతు ఒక ప్రశ్న అడిగి కాసేపు ఆగేది. ఆ కాస్త విరామంలో పిల్లలు జవాబు చెప్పాలి, లేచి నిలబడాలి, పలక మీద రాయాలి. ఆ పని చేయించాల్సింది అక్కడున్న టీచరు. స్టూడియోలో పాఠాన్ని ఎంత శ్రద్ధగా తయారుచేసినా, ఆ విరామంలో ఏం జరుగుతుందన్నది స్టూడియో చేతిలో లేదు.

కొన్ని బడుల్లో ఆ విరామం పిల్లల గొంతులతో మోగేది. కొన్ని బడుల్లో రేడియో తన మానాన తాను అడిగి, తన మానాన తాను చెప్పుకుపోయేది. టీచరుగారు పక్కన రిజిస్టరు రాసుకునేవారు. పెట్టె ఒకటే, పాఠం ఒకటే. ఇది నా తరగతికి పనికొస్తుందని ఆ టీచరు నమ్మారా లేదా అన్నదాన్ని బట్టి ఆ అరగంట మారిపోయేది. ఈరోజు ఆ నమ్మకం గురించే మాట్లాడదలచుకున్నాను.

తరగతి గదిలోకి కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ దాన్ని తయారుచేసినవారు మాట్లాడతారు, కొన్న ప్రభుత్వం మాట్లాడుతుంది, తల్లిదండ్రులు ముచ్చటపడతారు. టీచరును మాత్రం ఒకే ప్రశ్న అడుగుతాం: ‘‘వాడుతున్నారా, లేదా?’’ లేదంటే ఎందుకు లేదని అడుగుతాం గానీ, అది సంజాయిషీ కోరే గొంతుతో అడుగుతాం. ఆ తర్వాత ముద్ర వేసేస్తాం. వయసైపోయింది, కొత్తది నేర్చుకోరు, కంప్యూటరంటే భయం అంటాం. శిక్షణ తరగతుల్లో ఏళ్ల తరబడి టీచర్ల మధ్య కూర్చున్న మనిషిగా నేను ఈ ముద్రను ఒప్పుకోలేను. వారి అనుమానాల్లో ఎక్కువ భాగం పిల్లల ముందు నిలబడి, రోజూ చూసి, లెక్క వేసుకుని తేల్చుకున్నవి. వాటిని వినకుండా కొన్న సామాను చాలా బడుల్లో బీరువా పాలైంది. అందులో ప్రజల డబ్బు ఉంది, పిల్లల కాలం ఉంది.

అమెరికాలో లారీ క్యూబన్ అనే విద్యా చరిత్రకారుడు ఉన్నారు. ముందు హైస్కూలు పిల్లలకు చరిత్ర పాఠాలు చెప్పి, తర్వాత స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైనవారు. 1986లో ఆయన ‘టీచర్స్ అండ్ మెషీన్స్’ అనే పుస్తకం రాశారు. 1920ల నుంచి అమెరికా బడుల్లోకి సినిమా, రేడియో, టెలివిజన్ ఒకదాని వెంట ఒకటి ఎలా వచ్చాయో, ఎలా మూల పడ్డాయో అందులో వివరించారు. ప్రతిసారీ వరస ఒకటేనట. మొదట బడి రూపురేఖలే మారిపోతాయన్న ఉత్సాహం. తర్వాత, మామూలు పాఠం కన్నా ఇది తక్కువేమీ కాదని చెప్పే పరిశోధనలు. ఆ తర్వాత యంత్రం చెడిపోతోందని, సమయానికి అందడం లేదని ఫిర్యాదులు. చివరికి నేరం టీచర్ల మీద పడటం. క్యూబన్ అక్కడ ఆగలేదు. టీచరు మనసులో ఏ ప్రశ్నలు తిరుగుతుంటాయో కూడా చూశారు. దీన్ని నేర్చుకోవడానికి నాకెంత కాలం పడుతుంది? నాకు కావలసిన క్షణంలో పనిచేస్తుందా? దీన్ని తెస్తే తరగతి నా అదుపులో ఉంటుందా? అన్నిటికన్నా ముఖ్యమైనది, ఇది నా ఇబ్బందిని తీరుస్తుందా, లేక నాకు ఉందని ఇంకెవరో అనుకుంటున్న ఇబ్బందినా? ఈ చివరి ప్రశ్న మన పంతుళ్ల నోట నేను రకరకాల మాటల్లో విన్నాను.

మన దేశంలోనూ ఈ వరస కొత్తది కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా, అమెరికా నుంచి అరువు తెచ్చుకున్న ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు ప్రసారం చేశారు. దాన్ని ‘సైట్’ ప్రయోగం అనేవారు. ఆ ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలుగు కార్యక్రమాలు హైదరాబాద్‌లో తయారయ్యేవి. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం ఊరందరికీ. అందులో నాకు ఎంతో విలువైనదిగా తోచే విషయం ఒకటుంది: ప్రాథమిక టీచర్లకు సైన్సు బోధనలో శిక్షణ కూడా ఆ టెలివిజన్ ద్వారానే ఇచ్చారు. ఒకచోట చేర్చి, టీవీలో చూపి, తర్వాత అక్కడున్న సహాయకుల దగ్గర చేతులతో ప్రయోగాలు చేయించారు. పిల్లల కోసమని పెట్టిన యంత్రాన్ని ముందుగా పంతులు తన చదువుకు వాడుకోవడం అప్పుడే మొదలైంది. ఏడాది కాగానే ఉపగ్రహం తిరిగి వెళ్లిపోయింది. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచే, కేవలం చదువు కోసం, ఎడ్యుశాట్ అనే ఉపగ్రహాన్ని పంపుకున్నాం. ఆకాశంలో చేయాల్సిన పని మన శాస్త్రవేత్తలు బాగానే చేశారు. తరగతి గదిలో తెర ముందు ఏం జరగాలన్న పని అంత శ్రద్ధకు నోచుకోలేదు.

ఇప్పుడు నల్లబల్ల గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడనివ్వండి. టీచర్ల నమ్మకాలు అర్థం కావాలంటే అక్కడి నుంచే రావాలి. నల్లబల్లను మనం పాతదంటాం. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత, 1987లో కేంద్రం మొదలుపెట్టిన పథకం పేరే ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్. ప్రతి ప్రాథమిక బడికి కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, వారిలో వీలైతే ఒకరు మహిళ, ఇంకా నల్లబల్ల, పటాలు, చార్టులు, ఆటవస్తువులు ఉండాలన్నది దాని ఉద్దేశం. అంటే అప్పట్లో నల్లబల్ల కూడా ప్రభుత్వం సరఫరా చేయాల్సిన సామానుగా ఉండేది. అయితే బడికి చేరాక దాన్ని వాడించడానికి ఎవరూ సర్క్యులర్ పంపాల్సిన అవసరం రాలేదు. ఎందుకు?

నల్లబల్ల టీచరు చెప్పినట్టు వింటుంది కాబట్టి. తరగతిలోకి అడుగుపెట్టిన మరుక్షణం సిద్ధంగా ఉంటుంది. టీచరు ఆగితే ఆగుతుంది. ఒక పిల్లవాడు అడ్డుప్రశ్న వేస్తే, పాఠం వదిలేసి మూలన ఆ ప్రశ్నకు బొమ్మ గీయవచ్చు. భాగహారం సగంలో తప్పితే అక్కడి వరకే తుడిచి మళ్లీ చేయవచ్చు. నిన్నటి లెక్కను ఒక పక్కన అలాగే ఉంచి ఇవాళ్టిది దాని పక్కన చూపవచ్చు. అన్నిటికన్నా పెద్ద సంగతి, పిల్లల్ని అక్కడికి పిలవవచ్చు. ఒక లెక్కల మాస్టారు శిక్షణ తరగతిలో నాతో అన్న మాట ఇది: ‘‘మేడమ్, ఎవరికి అర్థం కాలేదో వాడు బోర్డు దగ్గరికొచ్చి సుద్దముక్క పట్టుకుంటే నాకు తెలిసిపోతుంది. వీడియో చూస్తున్న నలభై మొహాలూ నాకు ఒకేలా కనపడతాయి.’’ బోధన గురించి ఇంత సూటి మాట నేను పుస్తకాల్లో తక్కువ చూశాను. ఆయన తెరను కాదనడం లేదు. పిల్లవాడికి ఎక్కడ ఆగిపోయిందో కనిపెట్టడమే తన ఉద్యోగమనీ, ఆ చూపును తెర తన నుంచి లాగేసుకుంటోందనీ చెబుతున్నారు.

ఇక ఇప్పటి తెరల సంగతి. తెలంగాణలో 2016 నుంచి హైస్కూళ్లలో ప్రొజెక్టరు సాయంతో డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో 8వ తరగతి పిల్లలకు, వారికి పాఠాలు చెప్పే టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు ఇచ్చారు. 2023లో హైస్కూలు తరగతి గదుల్లో గోడకు పెద్ద టచ్‌స్క్రీన్ ప్యానెళ్లు వచ్చాయి. బడుల్లో వాటిని ఐఎఫ్‌పీలంటారు. దేశం మొత్తం మీద చూస్తే, కేంద్ర విద్యాశాఖ 2024-25 యూడైస్ లెక్కల ప్రకారం ఇంటర్నెట్ ఉన్న బడులు సుమారు 64 శాతం. సామాను చేరడమన్న మెట్టు చాలాచోట్ల దాటేశాం. అందుకే ఇప్పుడు నమ్మకం గురించి మాట్లాడే సమయం వచ్చింది.

ఈ ప్యానెళ్ల మీద టీచర్ల అభిప్రాయం అందరిదీ ఒకటి కాదు. సబ్జెక్టును బట్టి మారుతుంది, వారి సొంత చదువును బట్టి మారుతుంది. జీవశాస్త్రం టీచర్లు చాలామంది సంతోషంగా వాడతారు. గుండె పటం గీసి, బాణం గుర్తులు పెట్టి, రక్తం ఇటు నుంచి అటు పోతుందని ఇన్నేళ్లూ చెప్పినవారికి, కవాటం తెరుచుకోవడం, మూసుకోవడం పిల్లలకు కళ్లతో చూపించగలగడం చిన్న విషయం కాదు. జామెట్రీ చెప్పేవారిలో జియోజీబ్రా పట్టుబడినవారు దాన్ని వదలరు. ఉచితంగా దొరికే ఆ సాఫ్ట్‌వేర్‌లో త్రిభుజం కొన పట్టుకుని ఎటు లాగినా మూడు కోణాల మొత్తం 180 డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. బోర్డు మీద ఒక త్రిభుజం గీసి ‘ఏ త్రిభుజానికైనా ఇంతే’ అని చెబితే పిల్లలు నమ్మాలి. ఇక్కడ వాళ్లే లాగి చూసుకుంటారు. తెలుగు మాస్టార్ల దగ్గరికొస్తే మాట మారుతుంది. పద్యం పిల్లల నోటికి పట్టాలంటే తమ మాస్టారి నోట, తమ ఎదురుగా వినాలని వారి పట్టుదల. ప్రసిద్ధ గాయకుల రికార్డు పెడితే పిల్లలు విని ఆనందిస్తారు గానీ, తామూ పాడవచ్చన్న ధైర్యం తెచ్చుకోరని ఒక పండితులు నాతో అన్నారు. ఆ మాటలో నిజముందని నాకనిపిస్తుంది.

టీచర్లు తెర వైపు వెళ్లడానికి ఇంకొక కారణం ఉంది, దాని గురించి బహిరంగంగా ఎవరూ అంతగా మాట్లాడరు. రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ బడులు ఇంగ్లీషు మీడియం వైపు నడిచాయి. ఎడమ పేజీలో ఒక భాష, కుడి పేజీలో ఒక భాషగా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. తెలుగులో చదువుకుని, తెలుగులో పాఠం చెప్పడంలో చేయి తిరిగిన టీచర్లు ఒక్కసారిగా ఇంగ్లీషులో కిరణజన్య సంయోగక్రియ చెప్పాల్సి వచ్చింది. వారిలో ఎందరో ముందురోజు రాత్రి ఫోనులో పాఠం వీడియో పెట్టుకుని, ఏ మాట ఎలా పలకాలో విని, నోట్సు రాసుకుని బడికి వస్తున్నారు. ఏ అధికారీ అడగని, ఏ లెక్కలోకీ రాని వాడకం ఇది. నా దృష్టిలో మన బడుల్లో సాంకేతికతకు అందిన నిజమైన ఆమోదం ఇదే. టీచరు తన అవసరం కోసం తానే వెతుక్కుని, తన ఇంట్లో, తన సమయంలో వాడుకుంటున్నారు.

ఇంతకీ ఈ నమ్మకాలూ అనుమానాలూ పరిశోధనలకు నిలుస్తాయా? చాలావరకు నిలుస్తాయి. గుజరాత్‌లో జ్ఞాన్‌శాల అనే సంస్థ నడిపే బడుల్లో లీ లిండెన్ అనే ఆర్థికవేత్త ఒక పరీక్ష చేశారు. లెక్కల కోసం తయారుచేసిన కంప్యూటర్ కార్యక్రమాన్ని రెండు రకాలుగా ప్రవేశపెట్టారు. కొన్నిచోట్ల బడి వేళలోనే, టీచరు పాఠం చెప్పే సమయంలో కొంత తీసుకుని కంప్యూటరుకు ఇచ్చారు. మరికొన్నిచోట్ల బడి వేళకు బయట అదనంగా ఇచ్చారు. కంప్యూటరు టీచరు సమయాన్ని తినేసిన బడుల్లో పిల్లలు మామూలు కన్నా తక్కువ నేర్చుకున్నారు. అదనంగా వాడినచోట ముందుకెళ్లారు, అందులోనూ వెనకబడిన పిల్లలకు మేలు ఎక్కువ జరిగింది. కార్యక్రమం అదే, కంప్యూటర్లు అవే. ‘నా పీరియడు పోతుంది’ అని టీచరు అన్నప్పుడు దాన్ని సాకుగా తీసుకోకూడదు. ఆ మాటకు ఆధారముంది. పెరూ దేశంలో పిల్లకొక లాప్‌టాప్ ఇచ్చి, బోధనలో పెద్దగా ఏ మార్పూ చేయకుండా వదిలేస్తే, లెక్కల్లోనూ భాషలోనూ పిల్లల మార్కులు కదల్లేదని తేలింది.

అయితే టీచర్ల నమ్మకాలన్నీ సరైనవని నేను అనను. మార్చుకోవాల్సినవి ఉన్నాయి. వాటిలో ఒకటి నన్ను బాగా బాధపెడుతుంది. ‘‘ట్యాబులూ గీబులూ చదివే పిల్లలకు సరే, వెనక బెంచీ వాళ్లకు ఎందుకండీ, పాటలు చూసుకుంటారు’’ అన్న మాట. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే కార్యక్రమం మీద కార్తీక్ మురళీధరన్, ఆయన సహచరులు జరిపిన అధ్యయనం దీనికి సూటిగా జవాబు చెబుతుంది. అక్కడ 6వ తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. వారికి బడిలో జరుగుతున్న పాఠం 6వ తరగతిది. వారి అసలు స్థాయి 3వ తరగతి, 4వ తరగతి. వెనకబడిన పిల్లలు మామూలు బడిలో ఏడాది గడిచినా దాదాపు ఏమీ ముందుకు కదలడం లేదు. కంప్యూటరు ఏం చేసిందంటే, ప్రతి పిల్లవాడూ ఎక్కడున్నాడో చూసి అక్కడి నుంచే లెక్క ఇచ్చింది. నాలుగున్నర నెలల్లో పిల్లలు గణనీయంగా ముందుకెళ్లారు. వెనక బెంచీ పిల్లలూ వెళ్లారు. ‘ఈ పిల్లలకు రాదు’ అన్న నమ్మకం యంత్రం గురించినది కానే కాదు, పిల్లల గురించినది. యంత్రం మీద టీచరు నమ్మకాన్ని కొంచెం తవ్వితే, కింద పిల్లల మీద నమ్మకం ఎంతుందో బయటపడుతుంది. పాఠమంటే చెప్పడం, నేర్చుకోవడమంటే వినడం అనుకునే టీచరుకు ఎంత ఖరీదైన ప్యానెల్ ఇచ్చినా అది వీడియో చూపే గోడగానే మిగులుతుంది. పిల్లలు చేసి నేర్చుకుంటారని నమ్మిన టీచరు చేతికి మామూలు ఫోను ఇచ్చినా చాలు. అలాంటి టీచరమ్మను నేను చూశాను. ఒక్కొక్క పిల్లా చదువుతుంటే ఫోనులో రికార్డు చేసి, రెండు నెలలాగి మళ్లీ రికార్డు చేసి, రెండూ పక్కపక్కన ఆ పిల్లకే వినిపిస్తారు. తన గొంతులో తత్తరపాటు తగ్గిందని ఆ పిల్ల తానే గుర్తుపడుతుంది. దానికి ఏ యాపూ కొనలేదు.

ఫోను మాట వచ్చింది కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది కొంచెం కష్టమైన విషయం. మన రాష్ట్రాల్లో చాలామంది టీచర్లకు ఉద్యోగంలో భాగంగా సాంకేతికత మొట్టమొదట పరిచయమైంది పాఠం రూపంలో కాదు, నిఘా రూపంలో. పిల్లల హాజరు ఫోనులో, మధ్యాహ్న భోజనం ఫొటో ఫోనులో, మరుగుదొడ్డి శుభ్రంగా ఉందని ఫొటో తీసి పంపడం ఫోనులో. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ముఖం ఫొటోతో టీచర్ల హాజరు వేసే యాప్ తెచ్చినప్పుడు ఉపాధ్యాయ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. మా సొంత ఫోనులో, మా సొంత డేటాతో, నెట్‌వర్క్ లేని ఊళ్లో, సమయం దాటితే సెలవుగా లెక్కిస్తారా అని అడిగాయి. హాజరు ఉండాలి, శుభ్రత ఉండాలి, భోజనం బాగుండాలి. వీటిలో దేన్నీ కాదనే టీచరు నాకు కనపడలేదు. అయితే ప్రార్థన వేళ పిల్లల ముందు నిలబడాల్సిన మనిషి సిగ్నల్ కోసం ఆవరణలో తిరుగుతుంటే, ఆ ఫోను మీద ఆయనకు ఎలాంటి భావం కలుగుతుందో ఆలోచించండి. అదే ఫోనులో, అదే సాయంత్రం, ‘కొత్త బోధనా యాప్ వచ్చింది, డౌన్‌లోడ్ చేసుకోండి’ అన్న మెసేజ్ వస్తుంది. అనుమానించే చేతి నుంచి అందుకున్నదాన్ని ఎవరు మాత్రం ఆనందంగా వాడతారు? ఈ మధ్య ఆ యాప్‌లన్నిటినీ ఒక్కచోటికి తెచ్చే ప్రయత్నం జరగడం మంచిదే. కానీ సంఖ్య తగ్గితే చాలదు. తనిఖీ చేసే సాధనం, పాఠం చెప్పే సాధనం వేర్వేరుగా ఉండాలి. ప్యానెల్ ఎన్ని గంటలు ఆన్‌లో ఉందన్న లెక్క పై అధికారి పట్టికలోకి వెళ్లిన రోజు నుంచి, పాఠం ఉన్నా లేకపోయినా ఆ ప్యానెల్ వెలుగుతూనే ఉంటుంది. దాన్ని వాడకమని ఎలా అంటాం?

తప్పు పట్టడం ఆపి, టీచర్లు ఏ శిక్షణా లేకుండా సాంకేతికతను చేపట్టిన రోజుల్ని గుర్తుచేసుకుందాం. 2020లో కరోనాతో బడులు మూతపడ్డాయి. తెలంగాణలో ఆ సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ టీవీ ఛానెళ్ల ద్వారా పాఠాలు మొదలయ్యాయి. ఎవరూ చెప్పకముందే టీచర్లు తరగతికో వాట్సాప్ గ్రూపు పెట్టారు. వంటింటి గోడకు నల్లచార్టు అతికించి వీడియోలు తీశారు. ఫోను లేని పిల్లల ఇళ్లకు వర్క్‌షీట్లు పట్టుకుని నడిచివెళ్లారు, ఎవరి ఇంట్లో టీవీ ఉందో చూసి పక్కింటి పిల్లల్ని అక్కడ కూర్చోబెట్టారు. కొత్తది నేర్చుకోరని మనం ముద్ర వేసిన టీచర్లే వీళ్లు. పిల్లలు తమ చేయి దాటిపోతున్నారన్న కష్టం వారి సొంత కష్టం, దానికి చేతిలో ఉన్న ఫోను పనికొచ్చింది, వాడారు. ‘ఇది నా ఇబ్బందిని తీరుస్తుందా’ అని క్యూబన్ చెప్పిన చివరి ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరికింది.

ఆ రోజులే ఇంకో పాఠమూ నేర్పాయి. తెరకు అటుపక్క పిల్లవాడు వింటున్నాడో లేదో తెలియక టీచర్లు పడిన బాధ మామూలుది కాదు. బడులు తెరిచాక అక్షరాలు మరిచిపోయి వచ్చిన పిల్లల్ని చూసి, పిల్లల పక్కన మనిషి ఉండాల్సిందేనని వారు మరింత గట్టిగా నమ్మారు. ఆ తర్వాత గ్రామీణ ప్రాంతాల్లో జరిగిన అసర్ 2024 సర్వే చూస్తే, 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మంది స్మార్ట్‌ఫోన్ వాడగలరు. వారిలో సర్వేకు ముందు వారంలో చదువు పనికి ఫోను వాడినవారు సుమారు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవారు 76 శాతం. ఫోను పిల్లల ధ్యాసను లాగేస్తోందని టీచరు అన్నప్పుడు, ఆ మాటకు తగిన అంకెలూ ఉన్నాయి.

ఏకోపాధ్యాయ పాఠశాలల సంగతి విడిగా చెప్పాలి. 2024-25 యూడైస్ లెక్కల ప్రకారం దేశంలో అలాంటివి లక్షకు పైగా ఉన్నాయి. రాష్ట్రాలవారీగా చూస్తే ఎక్కువ ఉన్నది మన ఆంధ్రప్రదేశ్‌లోనే. ఒకే గది, ఒకే టీచరు, ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలు. టీచరు ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే మిగతా నాలుగు తరగతులూ ఎదురుచూస్తుంటాయి. సాంకేతికత నిజంగా ఆదుకోగల చోటు ఏదైనా ఉందంటే ఇదే. మూడో తరగతి పిల్లలు ట్యాబులో కథ విని దానికి బొమ్మ గీస్తుంటే, ఐదో తరగతి పిల్లలు తమ స్థాయి లెక్కలు చేసుకుంటుంటే, టీచరు నిశ్చింతగా ఒకటో తరగతి దగ్గర కూర్చోవచ్చు. అయినా ఈ బడుల టీచర్లలోనే నాకు భయం ఎక్కువ కనిపించింది. ‘‘ట్యాబు వచ్చిందిగా, రెండో పోస్టు ఎందుకు అంటారండీ రేపు’’ అని ఒకావిడ అన్నారు. ఆ భయం తీరకుండా ఆమెకు ట్యాబు విలువ గురించి ఎన్ని స్లైడ్లు చూపినా లాభం లేదు. రెండో టీచరు వస్తారన్న హామీ ముందు రావాలి.

చివరగా శిక్షణ గురించి. మన అలవాటు ఏమిటంటే ముందు టీచర్లను ఒప్పించి తర్వాత వాడమంటాం. మూడు రోజుల శిక్షణ, సాంకేతికత గొప్పతనం మీద ఉపన్యాసాలు, సర్టిఫికెట్లు. అమెరికన్ పరిశోధకుడు థామస్ గస్కీ 1986లోనే ఈ వరస తలకిందులుగా ఉందన్నారు. టీచరు ముందు చిన్న మార్పు చేసి చూస్తారు, దానివల్ల తన పిల్లలు నేర్చుకోవడం కళ్లారా చూస్తారు, నమ్మకం ఆ తర్వాత వస్తుంది. నేను చూసినదంతా ఆయన మాటనే బలపరిచింది. జియోజీబ్రాను ఉపన్యాసం విని నమ్మిన లెక్కల టీచరు నాకు కనపడలేదు. తన తరగతిలో ఎప్పుడూ నోరు విప్పని పిల్ల లేచి ‘‘సార్, ఇంకోవైపు లాగండి’’ అన్నప్పుడు నమ్మినవారు కనిపించారు.

అందుకని విద్యాశాఖలను నేను కోరేది ఇది. నెలనెలా జరిగే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో సర్క్యులర్లు చదవడానికి పోయే సమయంలోంచి ఒక గంట తీసి, టీచర్లు తమ తరగతిలో ఏం వాడారో, ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో ఒకరికొకరు చూపించుకోవడానికి వదిలేయండి. అక్కడ పై అధికారులు వినడానికి మాత్రమే కూర్చోవాలి. ప్యానెల్ చెడిపోతే వారంలో బాగుచేసే మనిషి మండలానికి ఒకరు ఉండాలి. ఇక కొత్తది కొనేటప్పుడు, రాష్ట్రమంతటికీ ఒక్కసారే ఆర్డరు పెట్టకుండా, జిల్లాకు కొన్ని బడుల్లో ఒక టర్ము వాడనివ్వండి. అవి మామూలు బడులు కావాలి, ఒక గిరిజన గ్రామంలోని బడి, ఒక ఏకోపాధ్యాయ బడి అందులో ఉండాలి. వాడిన టీచర్ల చేత తమ మాటల్లో రాయించండి. కావాలన్న టీచరు ఎందుకు కావాలన్నారో, వద్దన్న టీచరు ఎందుకు వద్దన్నారో ఆ కాగితాలు కొనుగోలు ఫైలులో పెట్టి, వాటిని చదివాకే సంతకం చేయండి.